సంతకం కలవలేదు

కలవలేదు అంది కిటికీ వెనకావిడ. కలవలేదంటే ఏమిటి, పెట్టిన నోటరీ ప్రాణంతో ఉన్నాడు, పెట్టిన చెయ్యి ఉంది, పెడుతుండగా ఎదురు కుర్చీలో కూర్చుని తను రెండు కళ్లతో చూసింది, సాక్షులిద్దరు చూశారు, ఇంతమంది చూసిన సంతకం ఈ గదిలోకి వచ్చేసరికి ఎవరిదో అయిపోయింది. పావంగుళం గోడవారనున్న బల్ల మీద కూర్చుంది. ఆమె అసలు పేరు తను తెచ్చిన ప్రమాణపత్రంలో మూడుచోట్ల ఉంది గాని, బట్టల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు; చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి, కాలరు కుట్టు పావంగుళం పక్కకు పోయిందని చొక్కాకు చొక్కా వెనక్కి విసిరేస్తుంది కాబట్టి, పావంగుళం అని కుట్టేవాళ్లు పెట్టిన పేరే నిలిచిపోయింది. ఎదురుగా ఎవరూ అనరు, వెనక అందరూ అంటారు, ఆమెకు తెలుసన్న సంగతి వాళ్లకూ తెలుసు. గోడ గడియారంలో నాలుగూ ఐదు నిమిషాలు. ఐదింటికి ఈ కిటికీ మూస్తారు. ఐదున్నరకు వీధి చివర కొరియర్ వాళ్ల బండి వెళ్లిపోతుంది. ఈ రోజు శుక్రవారం.

ఈ ఆఫీసు చేసే పని ఒక్కటే. ఊళ్లోని నోటరీలందరి నమూనా సంతకాలూ కార్డుల మీద ఇక్కడ ఉంటాయి, పొడవాటి చెక్క సొరుగుల్లో, వరసగా. నోటరీ సంతకం పెట్టిన కాగితం దేశం దాటాలంటే ముందు ఈ గదికి రావాలి; సొరుగు లాగి, కార్డు తీసి, కాగితం పక్కన పెట్టి, రెండు సంతకాలూ ఒకే చేతివని తేల్చుకుని, ఇది ఫలానా నోటరీ సంతకమేనని వెనక రాసి ముద్ర కొడతారు. కాగితంలో ఏముందో వాళ్లకు అక్కర్లేదు, ఆ మాట కిటికీ పైన బోర్డు మీదే రాసిపెట్టుకున్నారు, ఈ కార్యాలయం సంతకాన్ని మాత్రమే ధ్రువీకరిస్తుంది, పత్రంలోని విషయాలకు బాధ్యత వహించదు. వహించకండి, మహారాజుల్లా ఉండండి, మీ బాధ్యత ఎవడికి కావాలి, ముద్ర కొట్టండి చాలు అనుకుంది పావంగుళం. కాగితంలో ఉన్నది ఇంతే: సముద్రం అవతలి దేశంలో చనిపోయిన నా అక్క కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, ప్రస్తుతం అక్కడి పిల్లల వసతిగృహంలో ఉంది, ఆ పిల్లను నేను తెచ్చుకుని పెంచుకుంటాను. విచారణ బుధవారం. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, మూడోసారి వెయ్యనని అక్కడి జడ్జి చెప్పేశాడు, పిల్లను మాకివ్వండని అక్కడివాళ్లే ఒక జంట అర్జీ పెట్టుకుని కూర్చున్నారు. ఈ సాయంత్రం పంపితే మంగళవారానికి అందుతుంది. సోమవారం పంపితే శుక్రవారానికి అందుతుంది, ఆ సరికి పిల్ల ఇంకొకరి ఇంటిపేరు రాయడం నేర్చుకుంటూ ఉంటుంది.

కిటికీ వెనకావిడకు పావంగుళం అప్పుడే పేరు పెట్టేసింది, భూతద్దం అని, తనకు పేరు పెట్టినవాళ్ల మీది కసి ఇక్కడ తీర్చుకున్నట్టు. ఆవిడ దగ్గర నిజంగానే పిడి ఉన్న భూతద్దం ఒకటి ఉంది, దాన్ని కార్డు మీదకు, కాగితం మీదకు, మళ్లీ కార్డు మీదకు జరిపి జరిపి చూసి, ఏ కోపమూ ఏ జాలీ లేని గొంతుతో చెప్పింది. "ఇది ఆయన సంతకం కాదమ్మా. ఆయన ఇంత అందంగా పెట్టరు." వరసలో పావంగుళానికి ముందున్న మనిషికి, చేతిలో డిగ్రీ సర్టిఫికెట్ నకలుతో వచ్చినవాడికి, అదే నోటరీ గిలికిన కాగితానికి రెండు నిమిషాల్లో ముద్ర పడింది, ఆ గిలుకుడు పావంగుళం కూడా చూసింది, అది సంతకం కాదు, బాబిన్‌లో చిక్కుపడ్డ దారం, దాన్ని చూసి భూతద్దం తృప్తిగా తలూపింది. అతను వెళ్తూ వెళ్తూ ఈ ఆఫీసులో పని బాగా తొందరగా అవుతుందండీ అని పావంగుళంతో చెప్పి మరీ వెళ్లాడు.

అందంగా పెట్టడమే తప్పయింది. తలుచుకుంటే ఒళ్లు మండింది, ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది. జిరాక్స్ కొట్టు పైన నోటరీ గారి గది, పన్నెండు మెట్లు, పైకెక్కేసరికి వేడి కాగితాల వాసన, గది నిండా జనం, ఇల్లు అద్దె వాళ్లు, బండి అమ్మేవాళ్లు, పేరు మార్చుకునేవాళ్లు, ఆయన ఒకడితో పోట్లాడుతూ, ఒకడిని కూర్చోమంటూ, ఫోన్లో ఇంకొకడికి నిన్ననే రమ్మన్నాను కదా అంటూ, కళ్లు ఎక్కడో, చెయ్యి ఎక్కడో, కాగితం కింద కాగితం గిలికి పారేస్తూ ఉంటాడు. నిన్న సాయంత్రం తన వంతు వచ్చింది. ఆయన యథాప్రకారం పెన్ను ఎత్తి, ఎందుకో మొదటి వాక్యం మీద కన్ను పడి ఆగిపోయాడు. మొత్తం చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎనిమిదేళ్లేనా అని అడిగాడు, అవునండి అంది. గదిలో వాళ్లను కాసేపు నోరు మూసుకోమన్నాడు. ఇలాంటి కాగితం మీద గిలికి పారేయకూడదమ్మా అని పెన్ను విదిలించి, చేతి కింద తెల్ల కాగితం పరుచుకుని, ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర్నుంచి చివరి అక్షరం దాకా ఒక్కొక్కటీ విడివిడిగా, గుండ్రంగా, బడిలో కాపీ రాసినట్టు రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు. అది చూసి తనకు కళ్లనీళ్లు తిరిగాయి కూడా, మూర్ఖురాలు, చెకింగ్ టేబుల్ దగ్గర పద్నాలుగేళ్లు నిలబడిన మనిషి, అన్ని చొక్కాలూ ఒకలా ఉండి ఒక్కటి మరీ బాగుంటే అదీ తేడా చొక్కాయేనని తెలియదా. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మంచివాడి మంచితనం ఇవాళ తన పీకకు చుట్టుకుంది.

ఫోన్ చేస్తే నోటరీ గారి ఫోన్ కట్టేసి ఉంది, మూడు నుంచి ఐదు దాకా ఆయన కునుకు తీస్తాడట. కింద జిరాక్స్ కొట్టు ఆవిడ నంబరు నోటరీ ఇచ్చిన రసీదు వెనక ఉంటే ఆమెకు చేసింది, ఆమె మిషన్ ఆపి పైకెళ్లి లేపి వచ్చి, బయలుదేరారమ్మా, మోకాలు నొప్పి కదా, మెల్లగా వస్తారు అని చెప్పింది. మెల్లగా. నాలుగుంబావు. అవతల భూతద్దం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని సొరుగులో కార్డుల అంచులు సమం చేసుకుంటోంది, ఒకటి కాస్త పైకి లేచి ఉంటే వేలితో నొక్కి లోపలికి దించుతోంది, ఆ నొక్కడం చూస్తే పావంగుళానికి తన వేలే గుర్తొచ్చింది. తను కూడా ఇలాగే. కుట్టిన మనిషి బల్ల అవతల నిలబడి, అక్కా ఈ ఒక్కటీ వదిలెయ్, నిన్న రాత్రంతా పిల్లాడికి జ్వరం అంటుంటే, తను చొక్కా అంచు టేపు మీద పెట్టి, పావంగుళం ఎక్కువుంది అనడమే గాని జ్వరం తగ్గిందా అని అడిగిన పాపాన పోలేదు. జ్వరానికి నా చెకింగ్ కాగితంలో గడి లేదు అని కూడా అంది ఒకసారి, అని నవ్వింది కూడా, తెలివైన మాట అనుకుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, ఆ తన్నేవాడు ఇంత తీరిగ్గా కార్డులు సర్దుకుంటాడని మాత్రం తెలియదు. లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది. ఆయన వచ్చేదాకా కాగితం పక్కన పెట్టి ముద్ర సిద్ధం చేసుకోరాదా అని అడిగింది. ముద్ర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుందని ఆవిడ చెప్పింది, అందులో వెటకారం కూడా లేదు. వెటకారం ఉంటే కాస్త పోట్లాడుకోవడానికైనా ఉండేది.

మళ్లీ బల్ల. బల్ల మీద ఎవరో తాళంచెవితో గీకిన గీతలు, ఎవరు గీకారో, ఏ సంతకం కలవక గీకారో. అక్కకు చిన్నప్పుడు ఏది దొరికితే దానిమీద గీకే అలవాటు, బడి బల్ల, తలుపు, సబ్బు బిళ్ల, సబ్బు మీద పేరు రాసి నాలుగు రోజుల్లో అరిగిపోతే మళ్లీ రాసేది, నా సబ్బు అని తనను ఏడిపించడానికి. అక్క చివరిసారి వచ్చినప్పుడు పిల్లకు రెండేళ్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆ దేశంలో పనికి కుదిరారు, కుదురుకునేదాకా ఆరు నెలలు పిల్లను ఉంచుకోవే అంది, తను సరేనంది. ఉయ్యాల కూడా ఎవరిదో అడిగి తెచ్చి పెట్టింది. అక్క వాళ్లు బయలుదేరే ముందురోజు మేనేజరు పిలిచి చెకింగ్ అంతా నువ్వే చూసుకోవాలి, పొద్దున ఏడింటికల్లా ఉండాలి అన్నాడు, పద్నాలుగేళ్లలో ఆయన పిలిచి కూర్చోమన్నది ఆ ఒక్కరోజే. ఇంటికొచ్చి అక్కతో నా వల్ల కాదు అంది. ఎంత సులువుగా అంది, టేబుల్ మీద అన్నట్టే అంది. అక్క ఏడవలేదు, పిల్లకు స్వెటరు తొడుగుతూ తలెత్తకుండా అంది, నీకు గుడ్డలో తప్పు కనిపిస్తుంది గాని మనిషిలో ప్రాణం కనిపించదే. అంతే, అదొక్క మాట. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా మాట్లాడకూడదని తను ఒట్టు పెట్టుకుంది, ఎవరికీ చెప్పని ఒట్టు, ఎవరూ అడగని ఒట్టు.

అక్క ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. ఆదివారమంటే తీరికుంటుందా, వారం బట్టలు నానబెట్టి ఉంటాయి, ఇల్లు తుడవాలి, నీళ్లు పట్టాలి, మోగినప్పుడల్లా పరిగెత్తి ఎత్తడానికి తనేమైనా ఫోన్ ఆపరేటరా. మోగేది, ఆగేది. మొదటి ఏడాది కోపం, రెండో ఏడాది పంతం, తర్వాత సిగ్గు, ఇన్నాళ్లు ఎత్తక ఇప్పుడెత్తి ఏమంటుంది, హలో అనాలా, ఎలా ఉన్నావనాలా, అలా ఆరేళ్లు. బావ రెండేళ్ల కిందట పోయాడని ఎవరో చెబితే తెలిసింది, ఆ వారం ఫోన్ వస్తే ఎత్తుదామని గట్టిగా అనుకుంది, ఆ వారం రాలేదు, పై వారం వచ్చింది, పై వారానికి ధైర్యం చచ్చిపోయింది. అక్క పోయినప్పుడు మాత్రం ఫోన్ మంగళవారం వచ్చింది, కొత్త నంబరు, అందుకే ఎత్తింది.

ప్రమాణపత్రంలో నాలుగో పేరా. నాకూ మా అక్కకూ చివరిదాకా ఎంతో అన్యోన్యత ఉండేది, ఆ పిల్లను పుట్టినప్పటినుంచి నేను కన్నకూతురిలా చూసుకున్నాను. టైపు చేసినవాడు పాత కాగితం ఏదో ముందు పెట్టుకుని పేర్లు మార్చి కొట్టాడు, ఇలాంటివాటిలో ఇలాగే రాయాలి మేడమ్ అన్నాడు. తను చదివింది. చదివి సంతకం పెట్టింది. ఆ సంతకం తనదేనని నోటరీ సంతకం పెట్టాడు. ఆ నోటరీ సంతకం నోటరీదేనా అని ఈవిడ భూతద్దం పెట్టి చూస్తోంది. నాలుగో పేరా మీద మాత్రం ఎవరూ ఏ అద్దమూ పెట్టలేదు, పెడితే ఏం కనిపించేదో తనకు తెలుసు, నిజమున్న చోట తంటా, అబద్ధం దర్జాగా అచ్చయి కూర్చుంది. ఈ ఆఫీసు మీద కోపం రావాలంటే దీనికి రావాలి. వచ్చింది కూడా, కాకపోతే ఆ కోపం బోర్డు దాకా వెళ్లి తిరిగి తన దగ్గరికే వచ్చింది, పత్రంలోని విషయాలకు బాధ్యత వహించాల్సింది ఎవరు మరి.

పిల్లకు మన భాష బాగానే వచ్చు గాని ఫోన్ దగ్గరికి రాదు. వసతిగృహంలో మన భాష వచ్చిన ఒకావిడ ఉంది, దుబాసీ, ఆవిడే మధ్యలో ఉండి మాట్లాడిస్తుంది. మూడుసార్లు ప్రయత్నించారు. మూడుసార్లూ తను ముందే కాగితం మీద రాసుకున్న మాటలు చెప్పింది, బంగారు తల్లీ, మీ అమ్మా నేనూ ఎంతో ప్రేమగా ఉండేవాళ్లం, నువ్వంటే నాకు ప్రాణం. స్పీకరులో ఆ మాటలు గదంతా వినిపించి ఉంటాయి. మూడోసారి పిల్ల లేచి వెళ్లిపోయిందని దుబాసీ చెప్పింది, కాస్త సందేహించి ఇంకోటి కూడా చెప్పింది, ఈవిడెవరో నాకు తెలియదు, మా పిన్ని కాదు అంటోందండి, బుధవారం జడ్జి గారు పిల్లను కూడా అడుగుతారు మరి. కాగితం మీద పిన్నినని ఇక్కడ నిరూపించుకుంటూ ఉంటే అక్కడ ఎనిమిదేళ్ల పిల్ల కాదని తేల్చేసింది, గోరుచుట్టు మీద రోకటిపోటు. నాలుగూ ఇరవై ఎనిమిది. ఈ గడియారం కూడా సర్కారు ఉద్యోగే, చూడనప్పుడు పరిగెడుతుంది, చూస్తుంటే నిలబడుతుంది.

నోటరీ గారు వచ్చేసరికి నాలుగూ నలభై. మెట్ల మీద ఆయన ఊపిరి ముందు వినిపించింది, తర్వాత చేతికర్ర, తర్వాత ఆయన. కునుకు చెడిన ముఖం, చొక్కా గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది, పావంగుళం కన్ను అలవాటు కొద్దీ అక్కడికే పోయింది, పోయినందుకు తనను తానే తిట్టుకుంది. నలభై ఏళ్లుగా పెడుతున్న సంతకాన్ని నాది కాదనడానికి మీరెవరండీ అని ఆయన కిటికీ దగ్గర కాసేపు ఎగిరాడు. భూతద్దం ఆయన్ను కూడా అదే చూపు చూసింది. పద్ధతి చెప్పింది: తెల్ల కాగితం మీద నా ఎదురుగా మూడుసార్లు పెట్టాలి, మూడింట్లో ఒక్కటైనా కార్డుతో కలవాలి, కలిస్తే ప్రమాణపత్రం మీద పాతది కొట్టేసి పక్కన అలాగే పెట్టి తేదీ వెయ్యొచ్చు. కొత్త నమూనా ఇవ్వాలంటే పదిహేను రోజులు. మూడూ కలవకపోతే పై ఆఫీసరుకు రాయాలి, ఆయన సెలవులో ఉన్నారు. కార్డు చూపించడం మాత్రం కుదరదు.

ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, పెన్ను విదిలించాడు. అదే నిన్నటి విదిలింపని పావంగుళానికి తెలిసిపోయింది. ఇంటిపేరు పొడి అక్షరం దగ్గర్నుంచి చివరి దాకా గుండ్రంగా, విడివిడిగా, అచ్చం నిన్నటిలా. ప్రమాణపత్రం పక్కన పెడితే కవలపిల్లలే. కలిసింది కదండీ, కాగితం మీదున్న దానితో కలిసింది కదండీ అంది పావంగుళం గొంతు లేపి. కాగితంతో కలవడం కాదమ్మా, కార్డుతో కలవాలి అంది భూతద్దం. మనిషి ఎదురుగా ఉన్నాడు, పెట్టింది పెట్టినట్టే ఉంది, ఇంకేం కావాలి ఈ లోకానికి. కావాలి, కార్డు కావాలి, టేబుల్ మీద టేపు కావాలి, తను మాత్రం ఎన్నిసార్లు అనలేదు, నువ్వు బాగా కుట్టావా లేదా కాదు, కొలతకు కుట్టావా లేదా అని.

రెండోసారి ఆయన రోజూ పెట్టేదాన్ని గుర్తు తెచ్చుకుని పెట్టబోయాడు. గిలుకుడును మెల్లగా గిలకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పెన్ను ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలియదు, పైనుంచా, కిందనుంచా, గాలిలో రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు, పెట్టాడు, మధ్యలో ఆగాడు, ఆగిన చోట సిరా చుక్క. భూతద్దం తల అడ్డంగా ఊపింది. నాలుగూ నలభై తొమ్మిది. నా సంతకం నాకే రావడం లేదమ్మా అన్నాడు ఆయన, మెల్లగా, అదేదో ఆమెకొక్కతెకే చెప్పాల్సిన రహస్యమన్నట్టు. జాలిపడాల్సిన చోటు అది. పావంగుళానికి జాలి రాలేదు, ఆరేళ్లదీ, ఈ గంటదీ అంతా కలిసి గొంతులోకి వచ్చింది.

"మిమ్మల్నెవరు అడిగారండీ అంత అందంగా పెట్టమని? నేనడిగానా? అందరికీ గిలికినట్టే నాకూ గిలికి పారేస్తే ఈపాటికి నా కాగితం వెళ్లిపోయేది. మీ జాలి నాకెందుకు?"

"జాలా?" ఆయన తల ఎత్తాడు. "జాలి కాదమ్మా, మర్యాద. పసిపిల్ల బతుకు అది. బండి అమ్మకం కాగితమూ అదీ ఒకటేనా?"

ఒకటే, మీ చేతికి ఒకటే అవ్వాలి, లేకపోతే మీరెందుకు నోటరీ అని తను అంది, నీలాంటి మొండిమనిషి దగ్గర ఆ పిల్ల ఎలా బతుకుతుందోనని ఆయన అన్నాడు, మా సంగతి మీకనవసరం అని తను అంది, అనవసరమైతే కునుకు పాడుచేసుకుని ఈ మోకాలితో ఇన్ని మెట్లెందుకు ఎక్కానని ఆయన అరిచాడు, అరుస్తూ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, కాగితం వంక చూడలేదు, కింద ఆయన చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. భూతద్దం ఆగండి అంది. ఇద్దరూ ఆగారు. ఆవిడ కాగితం తన వైపుకు లాక్కుని, కార్డు పక్కన పెట్టి, అద్దం జరిపి, ఇంకోసారి జరిపి, "ఇదీ" అంది.

పక్కన నిలబడి చూస్తుంటే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా కుట్టు వంకర పోతుంది, కబుర్లలో పెడితే తిన్నగా వస్తుంది, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లకు కూడా తెలిసిన సంగతి. తనకు అప్పుడు తట్టలేదు, తెలిసి తిట్టలేదు, నిజంగానే తిట్టింది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. క్షమించండి అందామని నోరు తెరిచింది. ఆయన ప్రమాణపత్రం ముందుకు లాక్కుని, పాత సంతకం మీద అడ్డగీత గీసి, పెన్ను పట్టుకుని ఆగాడు. "ఆపకమ్మా. ఇక్కడ కూడా పెట్టాలి కదా, తిడుతూ ఉండు," అన్నాడు. ఆమెకు ఒక్క తిట్టూ దొరకలేదు, గంటసేపు కడుపునిండా ఉన్నవి ఎటు పోయాయో. చివరికి ఆయనే మెట్లను తిట్టాడు, మోకాలిని తిట్టాడు, కార్డులు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు, ఆ ఊపులో బాబిన్ దారం చిక్కు అచ్చంగా వచ్చి పడింది. భూతద్దం తేదీ వేయించి, వెనక్కి తిప్పి, నాలుగు వరసలు రాసి, ముద్ర కొట్టింది. లోపల ఏముందో చదవలేదు. నాలుగూ యాభై ఏడు. కాగితం ఇస్తూ మాత్రం, పరిగెత్తండి, కొరియర్ వాళ్లు కవరు కట్టడానికే పావుగంట చేస్తారు అంది.

పరిగెత్తింది. నోటరీ గారికి సరిగా దండం కూడా పెట్టలేదు. వీధిలో సైకిళ్లు, గొడుగులు, చేతిలో కాగితం గుండెకు ఆనించుకుని పరిగెడుతుంటే, నాలుగో పేరా లోపల్నుంచి గుచ్చుకుంటోంది, ఇప్పుడు దానికి ముద్ర కూడా ఉంది, దేశాలు దాటే అర్హత కూడా ఉంది. కొరియర్ కౌంటరు దగ్గర వరస, ముందున్నావిడ పార్శిల్‌కు తాడు కడుతూనే ఉంది, ముడి మీద ముడి, ఐదూ పన్నెండు, ఐదూ ఇరవై, ఎట్టకేలకు కవరు తూచి, బండిలో పడేసి, రసీదు చేతిలో పెట్టారు. కాగితం వెళ్లిపోయింది. సంతోషం రావాలి, రాలేదు, బుధవారం పిల్లను కూడా అడుగుతారు అన్న మాట ఒకటే మిగిలింది.

కొరియర్ కొట్టు మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. దుబాసీ. కాగితం బయలుదేరిందని చెబితే హమ్మయ్య అంది, పిల్లకు బుధవారం సంగతి చెప్పామండి, మీతో ఏదో అడగాలంటోంది, తనంతట తనే ఫోన్ అడిగింది, ఇస్తున్నాను అంది. పావంగుళం మెట్టు మీదే నిలబడింది. బంగారు తల్లీ, మీ అమ్మా నేనూ, అని రాసుకున్న మాటలు నాలుక మీదకు వచ్చి వరసగా నిలబడ్డాయి. అవతల ఊపిరి. తర్వాత గొంతు, అనుకున్నదానికన్నా బొంగురుగా, తొందరేమీ లేనట్టుగా.

"నువ్వేనా, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తని పిన్నివి?"

నాలుక మీది మాటలన్నీ ఎక్కడివక్కడ పడిపోయాయి. కాదనొచ్చు. పని ఉండేది అనొచ్చు. జడ్జి ముందు ఈ పిల్ల ఏం చెబితే ఏమవుతుందో తెలుసు.

"నేనే," అంది.

అవతల ఆ పిల్ల ఫోన్ చెయ్యి మార్చుకున్న చప్పుడు.

"అమ్మ చెప్పేది. పిన్ని ఎత్తదు గానీ ఫోన్ పక్కనే కూర్చుని ఉంటుంది, మోగినంతసేపూ కూర్చునే ఉంటుంది అని. నిజమేనా?"

ఆదివారాల్లో ఆమె ఏ బట్టలూ ఉతకలేదు, ఏ నీళ్లూ పట్టలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, తనతో తను కూడా అనుకోలేదు. అంత దూరంలో ఉండి అక్కకు ఎలా తెలిసింది.

"నిజమే," అంది పావంగుళం. మెట్టు మీద కూర్చుని మళ్లీ అంది. "నిజమే. కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆగిపోయాక లేచేదాన్ని."

పిల్ల ఫోన్ పక్కకు జరిపి, గదిలో ఎవరితోనో, ఆ దేశపు భాషలో, గబగబా ఏదో చెప్పింది. ఆ భాష ఆమెకు ఒక్క ముక్క రాదు. మధ్యలో పిన్ని అన్న మాట మాత్రం తెలిసింది.